ఆ మెస్ బిల్లు సంగతి కొలంబో దాకా ఎందుకు?

ప్రశ్న: నా వయసు 66 సంవత్సరాలు. బ్యాంకులో అధికారిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. 1978 నుంచి 1980 దాకా విశాఖపట్నంలో ఎం.ఏ. చదువుతున్నప్పుడు హాస్టల్లో ఐదుగురం ఒకే గదిలో ఉండేవాళ్లం. మాలో ఒకామె ట్రాన్సిస్టర్‌లో రేడియో సిలోన్ వింటూ, ఎప్పటికైనా ఆ దేశం చూసి రావాలని అందరం అనుకునేవాళ్లం. ఆమె రెండేళ్ల కిందట చనిపోయింది. మిగిలిన నలుగురం వచ్చే ఫిబ్రవరిలో ఎనిమిది రోజులకు శ్రీలంక వెళ్లాలని నిర్ణయించుకున్నాం. నా చిక్కు వేరే ఉంది. మా నాన్న చేనేత కార్మికుడు. రెండో ఏడాది మెస్ బిల్లు కట్టలేక నా పేరు నోటీసు బోర్డు మీదికి ఎక్కితే, ఈ స్నేహితురాళ్లే తలా కొంత వేసుకుని కట్టారు. ఉద్యోగం వచ్చిన మొదటి ఏడాదే ఆ డబ్బు తిరిగి ఇచ్చేశాను. అయినా కలిసినప్పుడల్లా, కోడళ్ల ముందు, అల్లుళ్ల ముందు కూడా, మా స్నేహానికి గుర్తుగా వాళ్లు ఆ కథే చెబుతారు. నేనూ నవ్వుతాను. ఇంటికి వచ్చాక రెండు రోజులు మనసు బాగుండదు. ఎనిమిది రోజులు అదే వినాలంటే భయంగా ఉంది. మావారు “ఇష్టం లేకపోతే మానెయ్, ఇందులో ఆలోచించేదేముంది” అంటున్నారు. వెళ్లాలా? వెళితే, ఆ మాట వచ్చినప్పుడు ఏమనాలి? ఇంకొక చిన్న సంగతి: ఆ ట్రాన్సిస్టర్‌ను ఆమె కూతురు నాకు ఇచ్చింది. వెంట తీసుకెళ్లవచ్చా?
– ఒక పాఠకురాలు, చీరాల

సమాధానం: వెళ్లండి. అయితే మెస్ బిల్లు సంగతిని ఇక్కడే తేల్చుకుని వెళ్లండి. ఆ కథను అందరికంటే ఎక్కువగా చెప్పే స్నేహితురాలు ఎవరో మీకు తెలిసే ఉంటుంది. ప్రయాణానికి కనీసం నెల రోజుల ముందు ఆమెకు ఫోన్ చేసి, మీరు మాకు రాసిన ఈ నాలుగు ముక్కలూ ఆమెకే చెప్పండి. వాట్సాప్ గ్రూపులో రాయవద్దు. విమానాశ్రయంలో చెప్పవద్దు. అన్నిటికంటే ముఖ్యంగా, పరాయి దేశంలో, రాత్రి పూట, అందరూ అలసిపోయి ఉన్న గదిలో చెప్పవద్దు.

ఈ చివరి మాటను ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానంటే, సరిగ్గా ఆ పొరపాటే నేను చేశాను. 2017లో నేనూ నా కాలేజీ స్నేహితురాళ్లు ముగ్గురూ మీరు వెళ్లబోయే దేశానికే వెళ్లాం. మొదటి రాత్రి కొలంబో, రెండో రాత్రి సిగిరియా దగ్గర, మూడోది క్యాండీలో, నాలుగోది నువార ఎలియాలో గడిచాయి. నేను పల్లెటూరి తెలుగు మీడియం నుంచి వచ్చినదాన్ని. కాలేజీలో చేరిన కొత్తలో నేను ఇంగ్లీషు మాటలు పలికే తీరును వాళ్లు అనుకరించి నవ్వేవారు, ఆ అనుకరణ మా బృందంలో నలభై ఏళ్లపాటు ఒక సరదా ముచ్చటగా మిగిలిపోయింది. ప్రయాణంలో హోటలు వాళ్లతో నేను మాట్లాడినప్పుడల్లా ఎవరో ఒకరు ఆ పాత ఉచ్చారణను గుర్తు చేసేవారు. మూడు రోజులు ఊరుకున్నాను. నువార ఎలియా సముద్ర మట్టానికి ఆరు వేల అడుగులకు పైన ఉంటుంది, రాత్రుళ్లు అక్కడ చలి మనవాళ్లు ఊహించుకునే దానికంటే ఎక్కువ. స్వెట్టర్లు చాలక, రైలు దిగిన అలసట తీరక, దుప్పట్ల కోసం హోటలు కుర్రవాడిని పిలిచి నేను ఏదో అడిగితే మళ్లీ ఆ నవ్వే వచ్చింది. అప్పుడు నలభై ఏళ్లదీ ఒక్కసారిగా బయటపడింది. ఏమన్నానో ఇక్కడ రాయను.

మర్నాడు నువార ఎలియా దగ్గరి నాను ఓయా స్టేషన్‌లో రైలెక్కి ఎల్లా అనే కొండ ఊరు చేరేదాకా, తేయాకు తోటల మధ్యగా, మబ్బుల్లోంచి, ప్రపంచం నలుమూలల నుంచి వచ్చినవాళ్లు కిటికీలకు వేలాడి చూసే ఆ దారిలో, మేం నలుగురం ఒక్క మాట మాట్లాడుకోలేదు. డెమోదర దగ్గర తొమ్మిది కమానుల వంతెన మీద తీసిన ఫోటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. 1921లో పూర్తయిన ఆ రాతి వంతెన చక్కగా పడింది. ముందు నిలబడిన నలుగురూ మాత్రం నాలుగు దిక్కులకు చూస్తున్నాం.

ఆ సాయంత్రం ఒక స్నేహితురాలు నా పక్కన కూర్చుని అన్న మాట నాకు కోపం తెప్పించింది, తర్వాత చాలా రోజులు ఆలోచనలో పడేసింది. “నువ్వు ఏడ్చావని మాకెలా తెలుస్తుందే? నువ్వు కూడా మాతో కలిసి నవ్వావు కదా” అంది. అబద్ధం కాదు. నలభై ఏళ్లు నేను నవ్వాను. ఆ నవ్వు చూసి వాళ్లు అది నాకు కూడా ముచ్చటే అనుకున్నారు. మీ ఉత్తరంలో “నేనూ నవ్వుతాను” అన్న రెండు మాటల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మీ తప్పని అనడం లేదు. బీదరికంలో పెరిగిన ఆడపిల్లకు నలుగురిలో నవ్వడం ఒక రక్షణ అని నాకు తెలియనిది కాదు. కాని నవ్వు వెనుక ఉన్నది తెలిసి కూడా వాళ్లు మిమ్మల్ని బాధపెడుతున్నారని మాత్రం తీర్మానించుకోకండి.

వాళ్ల వైపు నుంచి చూస్తే ఆ కథలో కథానాయిక మీరు కాదు. ఇరవై ఒక్క ఏళ్ల వయసులో, చేతిలో పెద్దగా డబ్బు లేని ఆడపిల్లలు కొందరు ఎవరినీ అడగకుండా, వార్డెన్ ముందుకు వెళ్లి స్నేహితురాలి బాకీ కట్టడం వాళ్ల జీవితంలో వాళ్లు సొంతంగా తీసుకున్న మొదటి నిర్ణయాలలో ఒకటి అయి ఉండవచ్చు. ఆ తర్వాత పెళ్లిళ్లయి, ఏ ఖర్చుకైనా ఇంకొకరిని అడగవలసిన ఇళ్లలో వాళ్లు ఎన్నేళ్లు గడిపారో మీకే తెలియాలి. వయసు మళ్లినవారికి పదిహేను నుంచి పాతికేళ్ల నడిమి వయసు నాటి సంగతులు మిగతా జీవితం కంటే ఎక్కువగా, స్పష్టంగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చాలా కాలంగా చెబుతున్నారు. అందుకే మనలాంటివాళ్లం కలిస్తే మనవళ్ల చదువుల మీద పది నిమిషాలు, హాస్టల్ సాంబారు మీద రెండు గంటలు మాట్లాడుకుంటాం. పైగా, ఒక కథను మళ్లీ మళ్లీ చెప్పినకొద్దీ అది చెప్పేవారికి అనువైన ఆకారంలోకి మారుతుందని బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే చూపించాడు. మీ స్నేహితురాళ్ల కథలో నోటీసు బోర్డు ఈపాటికి దాదాపు చెరిగిపోయి ఉంటుంది, వాళ్లు తలా కొంత వేసుకున్న ఘట్టం పెరిగి ఉంటుంది. మీకేమో బోర్డు మీది అక్షరాలు ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నాయి. జరిగింది ఒక్కటే, గుర్తున్నవి రెండు.

ఇది నాకు సిగిరియాలో, అంటే గొడవకు రెండు రోజుల ముందే, కళ్ల ఎదుట కనిపించింది కాని అప్పుడు బుర్రకెక్కలేదు. అయిదో శతాబ్దంలో కాశ్యపుడనే రాజు కోట కట్టుకున్న ఆ కొండకు సగం ఎత్తులో, రాతి గూటిలో, మేఘాల మధ్య నిలబడిన స్త్రీల బొమ్మలు ఉన్నాయి. వాటికి దిగువన అద్దంలా నున్నగా మెరిసేదని చెప్పే ఒక గోడ ఉంది. రాజ్యం పోయిన తర్వాత కొన్ని వందల ఏళ్లపాటు ఆ కొండను చూడవచ్చినవాళ్లు, బొమ్మలను చూసి తమకు తోచిన పద్యం ఆ గోడ మీద సన్నగా గీసి పోయారు. వాటిలో 685 పద్యాలను సేనరత్ పరణవితాన అనే శ్రీలంక పురాతత్వవేత్త చదివి 1956లో ప్రచురించారు. అందరూ చూసినవి అవే బొమ్మలు. ఒకరు మోహపడ్డారు, ఇంకొకరు ఆ స్త్రీలు తమతో మాట్లాడడం లేదని నొచ్చుకున్నారు. వాటిని చదివి వినిపించిన గైడు మాటలకు అప్పుడు నలుగురం నవ్వుకున్నాం. నలభై ఏళ్ల నాటి మా హాస్టల్ జీవితం మీద మేం నలుగురం నాలుగు పద్యాలు గీసుకుని తిరుగుతున్నామని, వాటిలో నాది ఎవరూ చదవలేదని, చదవనివ్వనిదాన్ని కూడా నేనేనని గ్రహించేసరికి తిరుగు ప్రయాణం వచ్చేసింది. మీరు కూడా ఆ కొండకు వెళ్తారు కనుక చెబుతున్నాను: పై దాకా ఎక్కాలంటే పన్నెండు వందల మెట్ల దాకా ఉంటాయి. మోకాళ్లు సహకరించనివారు బొమ్మల దగ్గరికి, ఆ గోడ దాకా వెళ్లి దిగిపోయినా కొండకు వెళ్లిన ఫలితం దక్కుతుంది. ఉదయం ఎండ ముదరకముందే వెళ్లండి.

మీ భర్త గారి సలహాతో నేను ఏకీభవించకపోవడానికి కారణం కూడా చెప్పాలి. ఆయన మీ బాధ చూడలేక అన్నారు, అది అర్థమవుతుంది. కాని మానేస్తే ఏమవుతుంది? మీరు లేని చోట ఆ ముగ్గురూ ఆ కథ చెప్పుకుంటారు, మీరు రాకపోవడానికి మోకాళ్లనో, మనవరాలి పరీక్షలనో ఒక కారణం చెప్పి ఉంటారు కనుక ఆ కథలో మీ మాట చేరే అవకాశం శాశ్వతంగా పోతుంది. అయిదుగురిలో ఒకరు ఇప్పటికే లేరు. ఈ వయసులో “మరోసారి చూద్దాం” అనే మాటకు విలువ ఎంతో మీకు నేను చెప్పనక్కర లేదు.

ఇక ఫోన్లో ఏమనాలి? ముందుగా, వాళ్లు చేసింది సాయం కాదన్నట్టు మాట్లాడవద్దు. అది సాయమే. ఆ రోజు వాళ్లు ఊరుకుని ఉంటే మీ చదువు ఆగేదేమో. డబ్బు తిరిగి ఇచ్చేశాను కదా అని లెక్క కూడా చెప్పవద్దు. అది ఇద్దరినీ వడ్డీ వ్యాపారుల్లా మార్చేస్తుంది. మీకు నొప్పి కలిగిస్తున్నది డబ్బు కాదు, ప్రతిసారీ కొత్తవాళ్ల ముందు మీరు సాయం పుచ్చుకున్న మనిషిగానే పరిచయం కావడం. అది మాత్రమే చెప్పండి. మీ మాటల్లోనే చెప్పాలి గాని, ఉదాహరణకు ఇలా అనవచ్చు: “నువ్వు ఆ బిల్లు సంగతి ఎత్తినప్పుడల్లా నాకు మళ్లీ నోటీసు బోర్డు ముందు నిలబడ్డట్టే ఉంటుందే. మీరు చేసింది నేను చచ్చేదాకా మరిచిపోను. కాని ఆ కథ ఇక మీదట నేను చెబుతాను, నువ్వు చెప్పొద్దు.” చివరి వాక్యం ముఖ్యమైనది. మీరు ఆ కథను పాతిపెట్టమని అడగడం లేదు, అది మీది కనుక మీ చేతికి ఇమ్మంటున్నారు. ఇన్నేళ్ల స్నేహం ఉన్నవారు ఈ మాత్రం కాదనరని నేను అనుకుంటాను. ఆమె వెంటనే క్షమాపణ చెబుతుందని, ఏడుస్తుందని ఎదురు చూడవద్దు. “ఇన్నాళ్లూ చెప్పలేదేం” అని ఎదురు కోపగించుకునే అవకాశమే ఎక్కువ. నా స్నేహితురాలు కోపగించుకుంది. నెల రోజుల గడువు పెట్టుకోమన్నది ఆ కోపం చల్లారడానికే. మిగిలిన ఇద్దరికీ ఆమే చెబుతుంది, మీరు మళ్లీ మొదటి నుంచి చెప్పుకునే శ్రమ ఉండదు.

అంత చేసినా ప్రయాణంలో ఎవరో పొరపాటున ఆ మాట ఎత్తితే, మౌనంగా ఉండి నవ్వు మాత్రం మానండి. మీ నవ్వు లేకపోతే ఆ కథ ఎక్కువ దూరం నడవదు. లేదా మీరే అందుకుని, మీకు గుర్తున్న విధంగా పూర్తిగా చెప్పండి. మీ నాన్నగారు మగ్గం మీద నేసిన చీర అమ్ముడుపోయేదాకా డబ్బు రాని వారాలు, మీరు హాస్టల్ నుంచి ఇంటికి రాసిన ఉత్తరాలు, రాసి పోస్టు చేయనివి ఉంటే అవి కూడా. చేనేత ఇంటి లెక్కలు ఆ ముగ్గురికీ ఎంతవరకు తెలుసో నాకు సందేహమే.

ప్రయాణ ఏర్పాట్లలో కూడా కొన్ని జాగ్రత్తలు ఈ విషయానికే సంబంధించినవి. డబ్బు దగ్గర పాత గాయం ఉన్నవారు ప్రయాణంలో రెండు రకాలుగా ప్రవర్తిస్తారు, ప్రతి బిల్లూ తామే కట్టబోతారు, లేదా ప్రతి రూపాయినీ లెక్కిస్తారు. మీరు మొదటి రకమని నా అనుమానం. అందుకే బయలుదేరే ముందే నలుగురూ సమానంగా డబ్బు వేసి ఒక సంచి పెట్టండి, భోజనం, కారు, టిక్కెట్లు అన్నీ అందులోంచే. సంచి రోజుకొకరి చేతిలో ఉంటుంది. అయిపోతే మళ్లీ సమానంగా వేయండి. “ఈ పూట నేను పెడతాను” అనే మాటను నలుగురూ కలిసి నిషేధించుకోండి. మేం ఆ పని చేయక, ఎవరు ఎన్నిసార్లు కాఫీ తాగించారనే లెక్క నాలుగో రోజుకు గాలిలో తేలుతూ ఉండేది. గదులు ఇద్దరిద్దరికి తీసుకుంటే జతలను మధ్యలో ఒకసారి మార్చండి. ప్రతి రోజూ ఒక గంట ఎవరి దారిన వాళ్లు ఉండాలని కూడా పెట్టుకోండి. క్యాండీలో చెరువు గట్టు మీద అలా ఒంటరిగా నడిచిన గంట నాకు మొత్తం ప్రయాణంలో బాగా గుర్తున్న వాటిలో ఒకటి. 1739 నుంచి 1815 దాకా ఆ ఊరిని ఏలినవారు మదురై వైపు నుంచి వచ్చిన, తెలుగు మూలాలున్న నాయక వంశీయులు. చివరి రాజును ఇంగ్లీషువాళ్లు వెల్లూరు కోటకు తీసుకువచ్చి ఉంచారు, 1832లో అక్కడే చనిపోయాడు. ఆ చెరువు ఆయన తవ్వించినదే.

ఫిబ్రవరిలో కొలంబో వైపు, దక్షిణ తీరంలో వానల బెడద తక్కువ. కొండ రైలు టిక్కెట్లు త్వరగా అయిపోతాయి, పైగా వానలకు కొండ చరియలు జారి అప్పుడప్పుడు ఆ మార్గం మూసేస్తుంటారు కనుక, రైలు నడుస్తోందో లేదో బయలుదేరే ముందు కనుక్కోండి.

రేడియో సంగతికి వస్తాను. మన తరానికి ఆ దేశం ముందు చెవులతో పరిచయమైంది, కళ్లతో చూసింది చాలా తర్వాత. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనికుల కోసం పెట్టిన శక్తిమంతమైన షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ యుద్ధం ముగిశాక సిలోన్ ప్రభుత్వం చేతికి రావడం, 1952లో కేంద్ర సమాచార శాఖ మంత్రి బి.వి. కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలను కట్టడి చేయడం, ఈ రెండూ కలిసి మన దేశంలోని శ్రోతలను అటు మళ్లించాయి. 1957లో వివిధభారతి మొదలైనా ఆ అలవాటు ఒక్కసారిగా పోలేదు. తెలుగు పాటల వేళ అనౌన్సర్ మీనాక్షి పొన్నుదురై గొంతు వినని ఇల్లు మా వీధిలో ఉండేది కాదు. షార్ట్‌వేవ్ కనుక పాట అలలు అలలుగా వచ్చేది, చరణం మధ్యలో దూరంగా వెళ్లిపోయి, అందరం ఊపిరి బిగబట్టాక మళ్లీ తిరిగి వచ్చేది. 1972లో ఆ సంస్థ పేరు శ్రీలంక బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ అయినా మనకు అది రేడియో సిలోనే. కొలంబోలో ఇండిపెండెన్స్ స్క్వేర్ దగ్గర ఆ భవనం ఉంది. మేం గేటు బయటి నుంచే చూశాం. చూడగానే ఏదో అయిపోతుందనుకున్నాను. చెట్ల నీడ, ఒక కాపలాదారు, మామూలు ప్రభుత్వ కార్యాలయం. మాలో ఒకామె “ఇంతేనా” అంది, నలుగురం ఆ ప్రయాణంలో మొదటిసారి ఒకే విషయానికి ఒకేలా నవ్వాం. కనుక ఆ భవనాన్ని ప్రయాణం మొత్తానికి శిఖరంగా పెట్టుకోవద్దు. మొదటి రోజే చూసేయండి.

ట్రాన్సిస్టర్‌ను తప్పక తీసుకెళ్లవచ్చు. అయితే మీరొక్కరే నిర్ణయించి, అక్కడ హఠాత్తుగా సంచిలోంచి తీసి అందరినీ ఆశ్చర్యపరచాలనే ఆలోచన ఉంటే మానుకోండి. ఆమె మిగిలిన ముగ్గురికీ కూడా స్నేహితురాలే, ఒక్కొక్కరి దుఃఖం ఒక్కొక్క చోట ఉంటుంది, దాన్ని ఎప్పుడు తాకాలో వాళ్లకు వదిలేయాలి. ముందుగా ఆమె కూతురికి ఒక మాట చెప్పండి, తర్వాత ఫోన్లో మీ స్నేహితురాలితో ఎలాగూ మాట్లాడతారు కనుక, బిల్లు సంగతి అయ్యాక ఈ సంగతి కూడా ఎత్తండి. మొదటి మాట తర్వాత వచ్చే ఇబ్బందికరమైన నిశ్శబ్దాన్ని దాటడానికి కూడా అది పనికి వస్తుంది. పెట్టెలో వేయకుండా చేతి సంచిలో పెట్టుకోండి, తనిఖీలో అడిగితే తీసి చూపించవచ్చు. పాత సెల్స్ ఇంకా అందులోనే ఉంటే ఇవాళే తీసేయండి, అవి కారితే లోపలి తీగలు పాడైపోతాయి.